మేత తలుపు

రాయికి నోరు లేకపోయినా ఉలి ఆనిస్తే మాట్లాడుతుందని ముస్తాక్ అహ్మద్ నమ్మకం. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి చీల్చేవాళ్లలో అతని చేతికి పేరుంది. దిమ్మెను పక్కకు వాల్చి, తడి చేత్తో అంచు నిమిరి, పొర ఎక్కడ దాక్కుందో వేలికొసతో పట్టేవాడు. అక్కడ వెడల్పాటి ఉలి ఆనించి కదలకుండా పట్టుకుంటే, ఎదురుగా కూర్చున్న మోషే సుత్తితో మెల్లగా తట్టేవాడు. ఆ పనికి బలం అక్కర్లేదు. తట్టగా తట్టగా ఒకచోట చప్పుడు మారేది. అది వినగానే ముస్తాక్ "చాలు బావా" అనేవాడు. రాయి రెండు బండలుగా విచ్చుకునేది.

"బలం పెట్టి పగలగొట్టేది కంకర పని," అనేవాడు కొత్తగా పనిలో చేరినవాళ్లతో. "మనది తెరిచే పని. రాయి యాడ తెరుచుకుంటానంటే ఆడ్నే తెరవాల."

"మా బావ రాళ్లతో మంతనాలాడతాడు," అని మోషే అందుకునేవాడు. "ఇంటికి పోయి పెళ్లాం ఏందన్నా అడిగితే మాత్రం ఊఁ అనడు, ఆఁ అనడు. రాయి నయం."

వాళ్లది ఒక ఊరు కాదు, ఒక మతం కాదు. మోషే భార్య స్టెల్లా మొదటిరోజు క్యారేజీ తెచ్చినప్పుడు ముస్తాక్‌ను అన్నా అని పిలిచింది. ఆ పిలుపుతో మోషే బావ అయిపోయాడు.

పలకరాయి పనిలో తప్పితే నడవని నియమాలు రెండున్నాయి. మొదటిది తడి. గనిలోంచి తీసిన దిమ్మెను పచ్చిగా ఉండగానే చీల్చాలి. ఎండకు ఆరిందంటే పొర బిగుసుకుపోతుంది, ఎంత పనిమంతుడి ఉలికైనా దొరకదు. అందుకే షెడ్డు ముందు దిమ్మెల మీద ఎప్పుడూ తడి గోనెసంచులు కప్పి ఉంటాయి. రెండోది జోడీ. ఉలి పట్టేవాడూ సుత్తి కొట్టేవాడూ కలిస్తే జోడీ. వాళ్లకు ఏదొచ్చినా సగం సగం. కూలీ సగం, క్యారేజీలో కూర సగం, ఒకడు జబ్బుపడి ఇంట్లో ఉంటే రెండోవాడి సంపాదనలోనూ సగం. ఈ మాట తప్పినవాడి ఎదురుగా ఇంకెవడూ సుత్తి పట్టుకొని కూర్చోడు.

బడిపిల్లల పలకలకు గిరాకీ తగ్గి, గోడలకు అంటించే రంగు బండలకు పెరిగాక షెడ్డులోకి కోత మిషన్లు వచ్చాయి. వాటితోపాటు దుమ్మూ వచ్చింది. పిండిలాంటి బూడిదరంగు దుమ్ము కనురెప్పల మీద, అన్నం మీద, ఊపిరి మీద పడేది. పని దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఛాతీలో దుమ్ము కడుపులోకి జారుతుందని పెద్దల మాట. ఆ ముక్కను మోషే పళ్లతో కొరికి, సగం నోట్లో పెట్టుకుని సగం ముస్తాక్ చేతిలో పెట్టేవాడు.

ముస్తాక్‌కు టీబీ మొదటిసారి వచ్చినప్పుడు ఆర్నెల్లు మందు మింగి లేచాడు. మళ్లీ ఉలి పట్టాడు. మళ్లీ దగ్గు వచ్చింది. ఈసారి మామూలు మందులకు లొంగని రకమని పరీక్షలో తేలింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఊపిరితిత్తుల్లో సగం రాతిదుమ్మే ఉందనీ, ఇక షెడ్డు గడప తొక్కొద్దనీ చెప్పాడు. ఏడాదిన్నర పైగా మింగాల్సిన మందులు రాసిచ్చాడు.

ముస్తాక్ ఇంట్లో కూర్చున్నాడు. మోషే ఇంకొకడి చేత ఉలి పట్టించుకుంటూ, వారం వారం వచ్చి తన వాటాలో సగం షమీమ్ చేతిలో పెట్టి పోయేవాడు. షమీమ్ ముస్తాక్ భార్య. వద్దనే స్థితిలో ఆమె లేదు.

టీబీ రోగుల బాగోగులు చూసే ప్రేమకుమారి స్కూటీ మీద వచ్చేది. నోరు దురుసు, మనసు మంచిది. కొన్ని మాత్రలు తన కళ్లముందే మింగించేది, సాయంత్రం వేసుకోవాల్సినవి ఇంట్లో ఇచ్చి పోయేది. ఒకరోజు ముస్తాక్ మాత్రలన్నీ అరచేతిలో పోసుకుని అలాగే కూర్చున్నాడు.

"ఏంది భాయ్, ముహూర్తం చూస్తాండావా?"

"అది కాదమ్మా. రోజూ ఇన్ని మింగతాండా. ఇవి లోపలికి పోయి ఏం చేస్తాయో తెలియాల గదా? తెలియకుండా నేను ఉలి గూడా పట్టినోన్ని కాదు."

ప్రేమకుమారికి ఆ మాట నచ్చింది. మాస్కు సర్దుకుని గడప బయట కూర్చుంది. అతని అరచేతిలోంచి ఒక గొట్టం మాత్రను వేలితో పక్కకు జరిపింది.

"దీని పేరు సైక్లోసెరిన్. దీని సంగతి చెప్తా, విను. టీబీ క్రిమి అంటే చిన్న సంచి అనుకో. చుట్టూ గోడ ఉంటాది. గోడ లోపల నూనె తెట్టు మాదిరి సన్నటి పొర. ఆ పొరలోంచి ఏది పడితే అది దూరలేదు. కానీ దానికీ మేత కావాల గదా? పప్పులో, గుడ్డులో మాంసకృత్తులుంటాయే, అవి విడిపోతే వచ్చే చిన్న తునకల్ని అమైనో ఆమ్లాలంటారు. వాటిని లోపలికి తీసుకోవడానికి ఆ పొరలో తలుపులుంటాయి."

"మనింటి తలుపు మాదిరా?"

"ఇట్లాంటి తలుపైతే ఎప్పుడో చచ్చేది. దాని తలుపు బయటికి నోరు తెరిచి తునకను పట్టుకుంటాది. పట్టినాక బయటి నోరు మూసి, అప్పుడు లోపలికి తెరుచుకుంటాది. రెండు పక్కలా ఒక్కసారి తెరుచుకోదు."

"మరి లాగే బలం యాడనుంచి వస్తాది?"

"శివరాత్రికి ఎప్పుడన్నా దోర్నాలలో శ్రీశైలం బస్సెక్కినావా?"

"సాయిబును, శివరాత్రికి నాకేం పనమ్మా?"

లోపలినుంచి షమీమ్ అందుకుంది. "ఎక్కినాడమ్మా. బండలు పరిచే పనుందని పోయి, ఆ జనంలో చెప్పులు పోగొట్టుకొని ఉత్తకాళ్లతో వచ్చినాడు."

"అదే మరి. ఆ తోపులాటలో నువ్వు అడుగు వేయకపోయినా గుంపే నిన్ను బస్సులోకి మోసుకుపోతాది. అట్లనే, క్రిమి తన లోపలుండే ప్రోటాన్లని చిన్న కణాల్ని బయటికి నెట్టి పెడతాది. అవి మళ్లీ లోపలికి పడాలని తోసుకుంటాయి. ఆ తలుపు గుండా దూరేటప్పుడు పక్కనున్న మేతను గూడా ఈడ్చుకుపోతాయి. ఆ మేతలో అలనిన్ అని ఒకటుంది. దాంతోనే క్రిమి తన గోడ కట్టుకుంటాది. ఈ మందు అచ్చం దాని మాదిరే ఉంటాది. తలుపుకు తేడా తెలీదు. మేతే అనుకొని తానే లోపలికి లాక్కుంటాది. ఇది పోయి గోడకట్టే పనికి అడ్డం పడతాది. గోడ లేవక క్రిమి చస్తాది."

ముస్తాక్ ఆ మాత్రను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"అంటే బయటినుంచి బాదేది కాదు. అది తెరుచుకునే చోటే పెట్టేది."

"అంతే."

"పనిమంతుడే," అన్నాడు, తోటి పనివాణ్ని మెచ్చుకున్నట్టు. ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు.

ప్రేమకుమారి లేస్తూ వేలు చూపించి చెప్పింది. "ఈ మందు కొందరికి తలకెక్కతాది. పాడు కలలు, దిగులు, ఊరికే కోపం వస్తే దాచొద్దు. డాక్టరుకు చెప్తే తగ్గిస్తాడు, విరుగుడు ఇస్తాడు. నీ అంతట నువ్వు మాత్రం మానొద్దు."

తలకెక్కింది. మొదట చేతులు వణికాయి. టీ గ్లాసు పట్టుకుంటే ఒలికిపోయేది. తర్వాత గోడలోంచి సుత్తి చప్పుడు వినబడసాగింది, పట్టపగలు, వంటింటి గోడలోంచి. ఎవరో లోపల్నుంచి పొర వెతుకుతున్నట్టు. షమీమ్ పక్కింటామెతో మాట్లాడితే తన గురించేనని అనుమానం. ఒకరోజు అన్నంలో ఏదో కలిపావంటూ పళ్లెం విసిరికొట్టాడు. షమీమ్ మెతుకులు ఏరుకుంటూ, "క్యా హువా జీ, ఏమైంది మీకు?" అని అడిగింది. దర్గాకు తీసుకుపొమ్మని చుట్టాలు చెప్పారు. తీసుకుపోయింది. తాయెత్తు కట్టించింది. చప్పుడు ఆగలేదు.

ప్రేమకుమారి అడిగితే మాత్రం అతను "బాగుంది" అనేవాడు. టీబీ వచ్చినవాడు తగ్గాక మళ్లీ ఉలి పట్టవచ్చు. పిచ్చివాడని పేరు పడినవాడి ఎదురుగా ఎవడు కూర్చుంటాడు? డాక్టరు షెడ్డు తొక్కొద్దన్న మాట అతని చెవిలో పడిందే గానీ లోపలికి దిగలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మోషే వచ్చాడు. మనిషి కంటే ముందు దగ్గు వచ్చింది వీధిలోంచి. గడప దగ్గర చతికిలబడి, ఊపిరి కూడదీసుకుని నవ్వాడు.

"బావా, నీ జబ్బులో గూడా నాకు వాటా పెట్టినట్టున్నావే."

"పో, ఆస్పత్రికి పో. రేపే పో."

"పోతే పేరు బయటికొస్తాది. పేరొచ్చినోన్ని షెడ్డు యజమాని రానిస్తాడా? నేను గూడా ఇంట్లో కూర్చుంటే రెండు పొయ్యిలూ ఆరిపోతాయి. నా పొయ్యి, నీ పొయ్యి." కాసేపు దగ్గాడు. "నీ మాత్రల్లో సగం పెట్టు. జోడీ గదా."

"ఇవేమన్నా బెల్లం ముక్కలా?"

"బెల్లం అయితే నేనే కొరికి ఇచ్చేవాన్ని."

ముస్తాక్ లోపలికి వెళ్లాడు. పొద్దున మాత్రలు ప్రేమకుమారి ముందు మింగాల్సినవి, వాటిలో తీయడం కుదరదు. ఇంట్లో ఉన్నవాటిలో ఏది ఇవ్వాలో ఎంచుకున్నది అతనే. సైక్లోసెరిన్ గొట్టాలు తీశాడు. తెచ్చి మోషే దోసిట్లో పోస్తూ, క్రిమి తలుపు కథంతా చెప్పాడు.

"అన్నిట్లోకీ ఇదే పనిమంతుడు బావా. అదే తెరిచి లోపలికి పిలుచుకుంటాది దీన్ని."

ఆ ఎంపికలో జోడీ ధర్మం ఎంతో, గోడలోని చప్పుడు వదిలించుకోవాలన్న ఆశ ఎంతో, అతను ఆ సాయంత్రం తూచుకోలేదు.

అప్పటినుంచి పొద్దుటి గొట్టం ముస్తాక్‌ది, సాయంత్రపు గొట్టాలు మోషేవి. పదిహేను రోజులు తిరగకుండానే ముస్తాక్ చేతులు నిలబడ్డాయి. గోడ మూగబోయింది. కంటినిండా నిద్రపట్టింది. షమీమ్ తాయెత్తు మహిమనుకుని దర్గాకు వెళ్లి సమాధి మీద చాదర్ కప్పి వచ్చింది. మోషే కూడా దగ్గు తగ్గిందన్నాడు. మందు మీద నమ్మకమున్న మనిషికి మొదట్లో అలాగే అనిపిస్తుంది. ఇద్దరికీ చెరి సగం సరిపోయిందని, దేవుడు కూడా జోడీ లెక్కకు ఒప్పుకున్నాడని ముస్తాక్ అనుకున్నాడు.

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే వేళకు ప్రేమకుమారి స్కూటీ మధ్యాహ్నం పూట వచ్చింది. ఆమె ఎప్పుడూ పొద్దున్నే వచ్చే మనిషి.

"నీ తెమడలో క్రిమి మళ్లీ పెరిగింది భాయ్. మధ్యలో చచ్చినట్టే అనిపించినాది. మళ్లీ లేచినాది. మందు సరిగ్గా మింగతాండావా?"

"మింగతాండా."

షమీమ్ భర్త ముఖం చూసింది.

"తలుపు సంగతి చెప్పినా గుర్తుందా?" ప్రేమకుమారి గొంతులో దురుసు లేదు. "మందు నిండుగా పోతే తలుపు తెరిచినవన్నీ చస్తాయి. అరకొరగా పోతే బలహీనమైనవే చస్తాయి. కోట్ల క్రిముల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ తలుపు చెడిపోయి ఉంటాది. దానికి మేతా రాదు, మందూ రాదు."

"మేత రాకపోతే చావదా?"

"చావదు. అలనిన్‌ను లోపల తానే తయారు చేసుకుంటాది. ఈసురోమని బతుకుతాది. కానీ బతుకుతాది. చుట్టూ ఉన్నవి చచ్చినాక ఇల్లంతా దానిదే. దానికి పుట్టినవాటికీ ఆ తలుపు పనిచేయదు. నీకు ఇదే జరిగిందని నేను చెప్పలేను. మందు తప్పించుకోవడానికి క్రిమికి వేరే దారులు గూడా ఉంటాయంట. ఈ మందుకు నమ్మకంగా తేల్చే పరీక్ష మన దగ్గర లేదు. నువ్వు నిండుగానే మింగినానంటే డాక్టరు ఇంకోదారి వెతుకుతాడు."

ఎండలో ఆరిన దిమ్మె ముస్తాక్ కళ్లముందు మెదిలింది. ఉలి మంచిదే. పట్టే చేయీ మంచిదే. పొరే బిగుసుకుపోయింది. తనకైనా తోడుగా వేరే మాత్రలున్నాయి. మోషే మింగుతున్నది ఆ ఒక్కటే, అదీ సగం. అంటే మోషే లోపల ఇన్ని నెలలుగా మందు అనేదే లేదు.

చెబితే మోషే పేరు బయటపడుతుంది, రెండు పొయ్యిలూ ఆరిపోతాయి. చెప్పకపోతే మోషే ఆరిపోతాడు. ఇంత తెలిసీ ఆ మధ్యాహ్నం నోరు తెరవలేదు. ముందు మోషేతో ఒకమాట అనుకుందామని షెడ్డుకు బయల్దేరాడు.

దూరంనుంచే సుత్తి చప్పుడు విన్నాడు. తప్పు చప్పుడు. మోషే గట్టిగా కొడుతున్నాడు. చేతిలో పట్టు తప్పినవాడే గట్టిగా కొడతాడు. దగ్గరికి పోతే, చొక్కాలోంచి భుజం ఎముకలు రెండూ ఉలుల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి.

"లే బావా. ఆస్పత్రికి పోదాం."

"క్రిస్మస్ పోనీ. స్టెల్లాకు కొత్తచీర కొంటానని చెప్పినా."

"చీర నేను కొంటాలే."

"నువ్వా? నా వాటాలోంచా?" అని నవ్వబోయాడు మోషే. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఎదురుగా అప్పుడే తెరిచిన తడి బండ ఉంది. దానిమీద పడిన నెత్తురు నల్లరాతి మీద పాకుతూ అంచుదాకా పోయింది.

ముస్తాక్ అక్కడే నిలబడి ప్రేమకుమారికి ఫోన్ చేశాడు. షెడ్డులో అందరూ వింటుండగానే మొత్తం చెప్పాడు. ఎవరికిచ్చాడో, ఏది ఇచ్చాడో, ఎప్పటినుంచో. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. "అంబులెన్సు పంపిస్తాండా. కూర్చోబెట్టు, పడుకోబెట్టొద్దు," అంది.

ఒంగోలు పెద్దాసుపత్రిలో మోషేకు మందులు మొదలుపెట్టారు. నిండు మందులే. కానీ దుమ్ము, క్రిమి కలిసి తినేశాక మిగిలిన ఊపిరితిత్తి కొంచెమే. క్రిస్మస్ ఆసుపత్రి మంచం మీదే గడిచింది. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

పెట్టె దించిన చోట మట్టి ఇంకా కుదురుకోకముందే స్టెల్లా ముస్తాక్ ఇంటికి వచ్చింది. "ఆయన తలకాడ రాయి నిలబెట్టాలన్నా. కొన్నది వద్దు."

ఇద్దరూ షెడ్డుకు వెళ్లారు. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని ఆమెకు చెప్పి తానూ కట్టుకున్నాడు. కోత మిషన్లు ఆగి ఉన్న ఆదివారం. గోనెసంచి కింద పచ్చిగా ఉన్న దిమ్మెను ఎంచాడు. అక్కడ ఇద్దరు ముగ్గురు పనివాళ్లున్నారు. సుత్తి పట్టమని అడగబోతే తలలు తిప్పుకున్నారు. జబ్బుకు భయపడో, జరిగింది తెలిసో.

"నాకియ్యి," అంది స్టెల్లా. మోషే కూర్చునే చోటే కూర్చుంది.

ముస్తాక్ పొర పట్టి ఉలి ఆనించాడు. ఆమె సుత్తి ఎత్తబోతే ఆగమన్నాడు.

"చెల్లెమ్మా, ఆ మాత్రలు..."

"తెలుసన్నా. చచ్చేదాకా అదే మాట. జోడీ అంటే మా బావదే, ప్రాణం నిలిపే మందులో గూడా సగం పెట్టినాడని వచ్చినోళ్లకంతా చెప్పుకున్నాడు."

ఆ మాటకంటే సుత్తితో కొట్టినా బాగుండేది. ఊరుకుంటే సరిపోయేది కూడా. చనిపోయినవాడు ఇచ్చిపోయిన మంచిపేరు అది. కానీ తప్పుడు చోట ఉలి ఆనించి పట్టుకోవడం ముస్తాక్‌కు చేతకాదు.

"సగం మందు మందు కాదు చెల్లెమ్మా. దానివల్ల క్రిమి చావలేదు. తలుపు తెరవని క్రిమే మిగిలి పెరిగినాది. ఆ రోజే ఆస్పత్రికి ఈడ్చుకుపోయి ఉంటే బతికేవాడేమో. నేను మాత్రలిచ్చి కూర్చోబెట్టినా."

"తెలిసే ఇచ్చినావా?"

"సగం తెలిసి ఇచ్చినా. ఆ మందు నా తల తినేస్తాంది, అది తప్పించుకోవాలని గూడా ఇచ్చినా."

స్టెల్లా అతన్ని చూసింది. తర్వాత సుత్తి ఎత్తి ఒక్కటే దెబ్బ కొట్టింది. ఉలి అతని చేతిలోంచి ఎగిరిపోయింది. దిమ్మె అడ్డంగా పగిలి మూడు ముక్కలైంది. ముస్తాక్ ముక్కల్ని పక్కకు నెట్టి, ఉలి వెతికి తెచ్చుకున్నాడు.

"ఇంకోటి పెట్టు," అంది ఆమె.

ఇంకో దిమ్మె పెట్టాడు. "మెల్లగా తట్టాల," అన్నాడు. ఈసారి మెల్లగానే తట్టింది. తట్టగా తట్టగా చప్పుడు మారింది. చాలు అనబోయాడు, ఆ మాట వెనక వచ్చే 'బావా' అన్న పిలుపుకు మనిషి లేడు. చేయెత్తి ఆపమన్నాడు. రాయి విచ్చుకుంది. నున్నటి రెండు బండలు, ఒకే కొలత.

స్టెల్లా ఒకదాన్ని గోనెపట్టాలో చుట్టుకుంది. రెండోదాన్ని అతనివైపు నెట్టింది.

"ఇది నీ వాటా. తీసుకుపో."

ఆమె మళ్లీ వాళ్లింటికి రాలేదు. అన్నా అని పిలవలేదు.

డాక్టరు మందులు మార్చాడు. ఇవి పనిచేస్తాయో లేదో నెలలు పోతే గానీ తెలియదు. ఒక మందుకు కాళ్లలో నిప్పులు పోసినట్టు మంట. దాచకుండా చెబుతున్నాడు. రాత లేని బండ వంటింటి గోడకు ఆనించి ఉంది. దాని ముందు కూర్చుని సాయంత్రపు మాత్రలన్నీ మింగుతాడు. నీళ్లు తాగి, ఏమీ మిగల్లేదని నోరు బాగా తెరిచి షమీమ్‌కు చూపిస్తాడు. ఆమె వంగి, నాలుక కింద కూడా చూసి, తల ఊపాకే మూస్తాడు.